రియాక్టర్లు కట్టేవాళ్లను తయారుచేసిన ఇంజినీరు

అణు విద్యుత్ అనగానే మనకు భౌతిక శాస్త్రవేత్తల పేర్లే గుర్తొస్తాయి. హోమీ భాభా, విక్రం సారాభాయ్, రాజా రామన్నల గురించి పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. అయితే పరమాణు కేంద్రకం ఎలా చీలుతుందో తెలిసినంత మాత్రాన ఊళ్లో బల్బు వెలగదు. అప్పుడు పుట్టే వేడినీ పీడనాన్నీ ఏళ్ల తరబడి తట్టుకునే గొట్టం కావాలి. వెల్డింగ్ అతుకులో వెంట్రుకవాసి పగులు కూడా లేదని తేల్చి చెప్పేవాళ్లు కావాలి. రాత్రి మూడో షిఫ్టులో మీటరు ముల్లు కాస్త కదిలినా పసిగట్టే ఆపరేటరు కావాలి. పదేళ్లు పట్టే నిర్మాణానికి డబ్బు ఆగకుండా చూసే యంత్రాంగం కావాలి. భారతదేశంలో ఇవన్నీ ఒకచోట కూడేందుకు జీవితమంతా పనిచేసినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు మాలూరు రామస్వామి శ్రీనివాసన్.

1955లో పాతికేళ్ల మెకానికల్ ఇంజినీరుగా అణుశక్తి శాఖలో అడుగుపెట్టిన ఆయన 1987లో అణుశక్తి కమిషన్ చైర్మన్ అయ్యారు. అదే ఏడాది ఏర్పడిన న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్‌కు తొలి చైర్మన్ కూడా ఆయనే. 2025 మే 20న, 95 ఏళ్ల వయసులో ఊటీలో కన్నుమూశారు. ఆయన ఉద్యోగ జీవితాన్ని వరసగా చూస్తే ఒక విషయం తేటతెల్లమవుతుంది. అణు విద్యుత్ కార్యక్రమం బలమంతా దాన్ని కట్టే చేతుల్లోనూ, ఆ చేతులు తమ లోపాల నుంచి నేర్చుకునే పద్ధతిలోనూ ఉంది.

గ్యాస్ టర్బైన్ల నుంచి అప్సరకు

శ్రీనివాసన్ 1930 జనవరి 5న బెంగళూరులో పుట్టారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య చొరవతో ఏర్పడిన బెంగళూరు ఇంజినీరింగ్ కళాశాలలో 1950లో మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకుని, కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ గ్యాస్ టర్బైన్ల మీద పరిశోధన చేసి డాక్టరేటు సాధించారు. టర్బైన్ చదువంటే వేడి, పీడనం, లోహం, వీటి మధ్య నడిచే లెక్క. అణు విద్యుత్ కేంద్రంలోనూ చివరికి జరిగేది అదే. కేంద్రకాలు చీలి వేడి పుడుతుంది, ఆ వేడికి నీరు ఆవిరవుతుంది, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది.

1955 సెప్టెంబరులో ఆయన భాభా బృందంలో చేరేనాటికి ట్రాంబేలో అప్సర పరిశోధన రియాక్టరు రూపుదిద్దుకుంటోంది. లోతైన నీటి తొట్టిలో ఇంధనాన్ని వేలాడదీసే చిన్న రియాక్టరు అది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది, డిజైను, నిర్మాణం మనవి. 1956 ఆగస్టు 4న అందులో గొలుసుచర్య మొదలైంది. సోవియట్ యూనియన్‌ను పక్కన పెడితే ఆసియాలో నడిచిన తొలి రియాక్టరు ఇదే.

దాని నియంత్రణ పరికరాల వెనుక ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు ఆ ఎలక్ట్రానిక్స్ బృందానికి నాయకుడు. ఆ అనుభవంతోనే ఆయన 1967లో హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌ను (ఈసీఐఎల్) నిలబెట్టారు. నగరంలోని ఏఎస్ రావు నగర్ ఆయన పేరుతో వెలసిందే. రియాక్టరు కావాలంటే దాన్ని కొలిచే, అదుపు చేసే పరికరాలను తయారుచేసే పరిశ్రమ కూడా మనకే ఉండాలన్న ఆలోచన ఆ తరం ఇంజినీర్లందరిదీ.

తారాపూర్: కొని నేర్చుకున్న పాఠం

1959లో శ్రీనివాసన్‌ను దేశపు తొలి అణు విద్యుత్ కేంద్రానికి ప్రిన్సిపల్ ప్రాజెక్ట్ ఇంజినీరుగా నియమించారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. స్థలం ముంబైకి ఉత్తరాన, అరేబియా సముద్రతీరంలోని తారాపూర్. అంతర్జాతీయ టెండర్లు పిలిస్తే అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ పనిని దక్కించుకుంది. డిజైను నుంచి నిర్మాణం దాకా అన్నీ ఆ కంపెనీయే చూసుకుని, నడిచే కేంద్రాన్ని మన చేతికి అప్పగించాలన్నది ఒప్పందం. రెండు యూనిట్లు 1969 అక్టోబరులో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి.

ఇవి మరిగే నీటి రియాక్టర్లు. ఇంధనం చుట్టూ ఉన్న మామూలు నీరే మరిగి, ఆవిరై, నేరుగా టర్బైన్‌కు వెళుతుంది. ఏర్పాటు సులువైనదే కానీ ఇంధనం దగ్గర చిక్కుంది. మామూలు నీరు న్యూట్రాన్లను కొంత మింగేస్తుంది. ప్రకృతిలో దొరికే యురేనియంలో చీలే రకం, అంటే యురేనియం-235, 0.7 శాతమే ఉంటుంది. ఆ కొద్దిపాటితో మామూలు నీటిలో గొలుసుచర్య నిలవదు. కాబట్టి ఆ శాతాన్ని పెంచిన శుద్ధి యురేనియం కావాలి. అది అమెరికా నుంచి రావాలి. 1974 అణు పరీక్ష తర్వాత ఆ సరఫరా రాజకీయాల్లో చిక్కుకుని, చివరికి 1980ల్లో ఫ్రాన్స్ ఇంధనం ఇవ్వడానికి ముందుకొచ్చేదాకా తారాపూర్‌కు తిప్పలు తప్పలేదు.

అయినా తారాపూర్ వృథా కాలేదు. గ్రిడ్‌కు కట్టిన రియాక్టరు ఎలా ప్రవర్తిస్తుందో, రేడియేషన్ ఉన్నచోట మరమ్మతులు ఎలా చేయాలో మన ఇంజినీర్లు అక్కడే నేర్చుకున్నారు. నడపడం నేర్చుకోవడానికి కొనుక్కోవచ్చు, కట్టడం మాత్రం కట్టే నేర్చుకోవాలి. శ్రీనివాసన్ తర్వాతి ఇరవై ఏళ్లు ఈ రెండో పనిలోనే గడిచాయి.

భారజలం వైపే ఎందుకు?

దేశం దీర్ఘకాలానికి ఎంచుకున్న దారి భారజల రియాక్టరు. హైడ్రోజన్‌లో కాస్త బరువైన రకం ఒకటుంది, దాని పేరు డ్యుటీరియం. మామూలు నీటిలో సుమారు 6,500 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున ఉంటుంది. దాన్ని వేరుచేసి కూడగట్టిన నీరే భారజలం. ఇది న్యూట్రాన్ల వేగాన్ని తగ్గిస్తుంది, కానీ వాటిని దాదాపుగా మింగదు. అందువల్ల గనిలో దొరికిన యురేనియంతోనే గొలుసుచర్య నడుస్తుంది, శుద్ధి కర్మాగారం కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కర్లేదు. ఆ భారజలాన్ని తీసే పెద్ద కర్మాగారాల్లో ఒకటి ఇప్పుడు తెలంగాణలోని మణుగూరులో ఉంది.

ఇంజినీరుకు ఇంతకంటే బలమైన కారణం మరొకటి కనిపిస్తుంది. మామూలు నీటి రియాక్టర్లలో ఇంధనమంతా ఒకే భారీ ఉక్కు పాత్రలో ఉంటుంది. గోడ చాలా మందం, ఒక్క అతుకు కూడా తేడా రాకూడదు. 1960ల్లో అలాంటి పాత్రను పోతపోసి సాగగొట్టగల కర్మాగారం మన దేశంలో లేదు. భారజల రియాక్టరులో ఆ ఒక్క పాత్రకు బదులు వందల సన్నని పీడన గొట్టాలుంటాయి. 220 మెగావాట్ల రియాక్టరులో వాటి సంఖ్య 306. కలాండ్రియా అనే సుమారు 6 మీటర్ల వ్యాసం గల అడ్డపు తొట్టిలో భారజలం నిండి ఉంటుంది. ఆ తొట్టిని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటుతూ ఈ గొట్టాలు సాగుతాయి. వాతావరణ పీడనానికి 80 రెట్లకు పైగా ఉండే ఒత్తిడిని ఒక్కో గొట్టం విడిగా మోస్తుంది. పెద్ద పాత్ర చేయలేని దేశం చిన్న గొట్టం చేయగలదు. ఒకటి చేయడం వచ్చాక 306 చేయడానికి కావలసింది నాణ్యతలో నిలకడ.

ఆ గొట్టంలో కూర్చునే ఇంధన బండిల్‌ను దగ్గరగా చూద్దాం. అర మీటరు పొడవు, చేతుల్లో ఇమిడే మందం. అందులో 19 సన్నని గొట్టాలు గుండ్రంగా పేర్చి ఉంటాయి, ఒక్కోదాని నిండా యురేనియం డయాక్సైడ్ బిళ్లలు. ఈ బండిళ్లు తయారయ్యేది 1971లో హైదరాబాద్‌లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. యురేనియం పొడిని బిళ్లలుగా అదిమి, 1,700 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కాలుస్తారు. గొట్టాలు జిర్కోనియం మిశ్రలోహంతో చేసినవి. సముద్రతీరపు ఇసుకలో దొరికే జిర్కాన్ నుంచి ఆ లోహాన్ని తీసేటప్పుడు దానితో కలిసి ఉండే హాఫ్నియంను పూర్తిగా వదిలించాలి, ఎందుకంటే హాఫ్నియం న్యూట్రాన్లను విపరీతంగా మింగుతుంది. బిళ్లలు నింపాక రెండు చివరలా మూతలు వెల్డింగ్ చేసి, హీలియం వాయువుతో లీకు పరీక్ష చేస్తారు. ఒక్క బండిల్ తన కాలం పూర్తయ్యేలోగా ఇచ్చే వేడి రమారమి 400 టన్నుల పైచిలుకు బొగ్గు ఇచ్చే వేడికి సమానం.

ఇంధనం మార్చడానికి ఈ రియాక్టరును ఆపనక్కర్లేదు. ఎంచుకున్న గొట్టానికి రెండు చివరలా రెండు యంత్రాలు వచ్చి బిగుసుకుంటాయి. లోపల పీడనం ఏమాత్రం తగ్గకుండానే మూత తీస్తాయి. ఒక యంత్రం కొత్త బండిళ్లను లోపలికి నెడుతుంటే, రెండోది కాలిన బండిళ్లను అవతలి వైపు అందుకుంటుంది. 220 మెగావాట్ల రియాక్టర్లలో ఒక విడతకు మామూలుగా 8 బండిళ్లు మారతాయి. ఇదంతా జరుగుతుండగానే టర్బైన్ తిరుగుతూ ఉంటుంది.

తలుపులు మూసుకున్న ఏడాది

రాజస్థాన్‌లో చంబల్ నది ఒడ్డున రావత్‌భాటాలో ఈ రకం మొదటి యూనిట్‌ను కెనడా సాయంతో కట్టారు. 1973 డిసెంబరులో అది వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చింది. ఆర్నెల్లు తిరక్కుండానే, 1974 మే 18న పోఖ్రాన్‌లో అణు పరీక్ష జరిగింది. దాంతో కెనడా సహకారం ఆగిపోయింది. రెండో యూనిట్ అప్పటికి సగంలో ఉంది.

సరిగ్గా ఆ ఏడాదే శ్రీనివాసన్ అణుశక్తి శాఖలో విద్యుత్ ప్రాజెక్టుల ఇంజినీరింగ్ విభాగానికి డైరెక్టర్ అయ్యారు. అంతకుముందు 1967 నుంచి మద్రాసు అణు విద్యుత్ కేంద్రానికి చీఫ్ ప్రాజెక్ట్ ఇంజినీరుగా ఉన్నారు. చెన్నైకి దక్షిణాన కల్పాక్కంలో కడుతున్న ఆ కేంద్రం బాధ్యత మొదటి నుంచీ మనవాళ్లదే. ఇప్పుడు అన్ని ప్రాజెక్టుల ముందూ ఒకటే ప్రశ్న. బయటి నుంచి రాని ప్రతి భాగాన్నీ లోపల ఎవరు చేస్తారు?

జవాబు దేశంలోని భారీ యంత్ర పరిశ్రమలోనే వెతుక్కోవాల్సి వచ్చింది. బీహెచ్ఈఎల్, ఎల్ అండ్ టీ వంటి సంస్థలకు పెద్ద పరికరాలు చేసిన అనుభవం ఉంది, అణు రియాక్టరుకు కావలసిన స్థాయి కచ్చితత్వం మాత్రం కొత్త. మామూలు బాయిలరులో చిన్న లీకు వస్తే ఆపి అతుకు వేయవచ్చు. రియాక్టరు గుండెలో ఒకసారి రేడియేషన్ మొదలయ్యాక మనిషి దగ్గరకు వెళ్లడమే కష్టం. కాబట్టి ప్రతి ప్లేటు పుట్టుపూర్వోత్తరాలు, ప్రతి అతుకు వేసినవారి వివరాలు కాగితం మీద ఉండాలి. అణుశక్తి శాఖ ఇంజినీర్లు ఆ ఫ్యాక్టరీల్లోనే మకాం వేసి, తిరస్కరించిన భాగాలను మళ్లీ చేయించుకుని, పనివాళ్లతో కలిసి పద్ధతులు తయారుచేశారు. దీనికి కాలం పట్టింది. రావత్‌భాటా రెండో యూనిట్ 1981లో గానీ ఉత్పత్తికి రాలేదు. కల్పాక్కం మొదటి యూనిట్ 1983 జులైలో క్రిటికల్ దశకు, అంటే గొలుసుచర్య తనంతట తాను సాగే స్థితికి చేరి, 1984 జనవరిలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆలస్యమైన మాట నిజం. అయితే ఆ ఆలస్యంలోనే దేశానికి ఒక పరిశ్రమ సమకూరింది.

పగులు చెప్పిన పాఠం, నరోరా మార్పులు

రావత్‌భాటా మొదటి యూనిట్ తొలినాళ్ల నుంచీ ఇబ్బంది పెట్టింది. రియాక్టరుకు రెండు కొసలా రేడియేషన్‌ను ఆపే ఎండ్ షీల్డులు అనే మందపాటి కవచాలుంటాయి. 1980ల మొదట్లో వాటిలో ఒకదానికి పగుళ్లు వచ్చి నీరు కారింది. ఆ కవచం 3.5 శాతం నికెల్ ఉన్న ఉక్కుతో చేసింది. కొత్తలో ఆ లోహం గట్టిగా, సాగే గుణంతో ఉంటుంది. న్యూట్రాన్లు ఏళ్ల తరబడి తాకుతుంటే దాని అంతర్నిర్మాణం దెబ్బతిని పెళుసుబారుతుంది. పెళుసైన లోహం ఒత్తిడికి వంగదు, పగులుతుంది. ఆ యూనిట్‌ను మరమ్మతు చేసి, సామర్థ్యం తగ్గించి నడపాల్సి వచ్చింది.

ఆ పాఠం ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డున కట్టిన నరోరా కేంద్రం డిజైనులోకి వెళ్లింది. అక్కడ కవచాలను స్టెయిన్‌లెస్ స్టీలుతో చేశారు. రియాక్టరును ఆపే పద్ధతినే మార్చేశారు. పాత రియాక్టర్లలో ఆపాలంటే కలాండ్రియాలోని భారజలాన్ని కింద తొట్టిలోకి వదిలేవారు. వేగం తగ్గించే నీరు పోతే గొలుసుచర్య ఆగిపోతుంది. నరోరాలో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు వ్యవస్థలు పెట్టారు. మొదటిదానిలో న్యూట్రాన్లను మింగే కాడ్మియం కడ్డీలు పైనుంచి పడతాయి. రెండోదానిలో బోరాన్ కలిసిన ద్రావణం ప్రత్యేక గొట్టాల్లోకి దూసుకెళుతుంది. ఒకటి మొరాయించినా రెండోది ఆపుతుంది. రియాక్టరు చుట్టూ ఒక కాంక్రీటు గోడ, దాని చుట్టూ మరొకటి కట్టారు. గంగా మైదానపు ఒండ్రు నేల మీద భూకంపం వస్తే ఏం జరుగుతుందో లెక్కగట్టి నిర్మాణాన్ని బలపరిచారు. 1989 మార్చిలో నరోరా మొదటి యూనిట్ క్రిటికల్ అయ్యింది. ఆ డిజైనే ప్రమాణంగా కాక్రపార్, కైగా, రావత్‌భాటాలలో తర్వాతి యూనిట్లు వచ్చాయి.

నరోరా కేంద్రానికి అగ్నిపరీక్ష 1993 మార్చి 31న ఎదురైంది. శ్రీనివాసన్ అప్పటికి బాధ్యతల నుంచి తప్పుకున్నారు. తెల్లవారుజామున టర్బైన్ బ్లేడ్లు విరిగిపోయి, ఆ అదురుకు హైడ్రోజన్ లీకై మంటలు లేచాయి. విద్యుత్ కేబుళ్లు కాలిపోయాయి. అత్యవసర కరెంటు తీగలు కూడా మామూలు వాటి పక్కనే ఉండటంతో కేంద్రమంతా చీకటైపోయింది. దాదాపు 17 గంటలు కరెంటు లేదు. ఆపరేటర్లు రియాక్టరును వెంటనే ఆపేశారు. పంపులు ఆగినా, వేడెక్కిన నీరు పైకి చల్లబడిన నీరు కిందికి తనంతట తాను ప్రవహించేలా ఉన్న అమరిక ఇంధనాన్ని చల్లబరిచింది. డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపులతో ఆవిరి జనరేటర్లకు నీరు పెట్టారు. ఇంధనం దెబ్బతినలేదు, రేడియేషన్ బయటికి రాలేదు. కేబుళ్లను కలిపి పరచడం డిజైనులో పెద్ద లోపం. ఇంజినీర్ల ముందుచూపును మాత్రం ఆపివేత వ్యవస్థలు చాటి చెప్పాయి. ఆ ఘటన తర్వాత బ్లేడ్ల డిజైను మార్చారు, కేబుళ్లను వేరువేరు దారుల్లో నడిపించారు.

ఇంజినీరు చేతికి ఖజానా వస్తే

1984లో శ్రీనివాసన్ అణు విద్యుత్ బోర్డు చైర్మన్ అయ్యారు. ప్రణాళిక, నిర్మాణం, నిర్వహణ మూడూ ఆయన చేతికొచ్చాయి. 2000 సంవత్సరం నాటికి 10,000 మెగావాట్లు సాధించాలన్నది ఆనాటి లక్ష్యం. దాని వెనుక ఇంజినీరు తర్కం ఉంది. ఒకే డిజైనును వరుసగా కడుతూ పోతే ఫ్యాక్టరీలకు ఆర్డర్లు ఆగవు, పనితనం పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది. ఒక యూనిట్ కట్టి పదేళ్లు ఊరుకుంటే నేర్చుకున్న చేతులు చెదిరిపోతాయి.

అడ్డంకి డబ్బు. ప్రభుత్వ శాఖగా ఉంటే ఏటా బడ్జెట్ కోసం ఎదురుచూడాలి. అణు కేంద్రానికి అయ్యే ఖర్చులో అధిక భాగం నిర్మాణంలోనే పోతుంది, ఇంధనం ఖర్చు తక్కువ. కాబట్టి ఆలస్యమే దీనికి అసలు శత్రువు. ఉదాహరణకు 10 శాతం వడ్డీకి తెచ్చిన 1,000 కోట్లు ఒక్క ఏడాది ఊరికే కూర్చుంటే, ఒక్క యూనిట్ కరెంటు కూడా అమ్మకముందే 100 కోట్ల భారం పడుతుంది. మార్కెట్‌లో బాండ్ల ద్వారా అప్పు తెచ్చుకుని, కరెంటు అమ్మిన ఆదాయాన్ని కొత్త ప్రాజెక్టుల్లో పెట్టుకోగల కంపెనీ కావాలన్న ఆలోచన నుంచే 1987 సెప్టెంబరులో న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్ పుట్టింది. 1988 నవంబరులో సోవియట్ యూనియన్‌తో కూడంకుళం రియాక్టర్ల ఒప్పందం కుదిరింది కూడా ఆయన హయాంలోనే.

లక్ష్యం నెరవేరలేదు. 2000 నాటికి సామర్థ్యం 3,000 మెగావాట్లు కూడా దాటలేదు. 1990ల మొదట్లో ఆర్థిక సంక్షోభం వచ్చి ప్రభుత్వ నిధులు తగ్గిపోయాయి. సోవియట్ యూనియనే లేకుండా పోయింది. కూడంకుళం తొలి యూనిట్ 2013లో గానీ క్రిటికల్ కాలేదు. అంకెల్లో చూస్తే ఇది వైఫల్యమే, దాన్ని దాచడం అనవసరం. కానీ ఆ లక్ష్యం కోసం అలవడిన డిజైను సామర్థ్యం, తయారీ సామర్థ్యం పోలేదు. 220 నుంచి 540కి, అక్కడి నుంచి 700 మెగావాట్లకు పెరిగిన స్వదేశీ రియాక్టర్లు ఆ సామర్థ్యం నుంచే వచ్చాయి. గుజరాత్‌లోని కాక్రపార్‌లో మొదటి 700 మెగావాట్ల యూనిట్ 2023 జూన్‌లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించింది.

తప్పులు పంచుకునే పద్ధతి

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ పేలింది. ఒకచోట జరిగిన ప్రమాదం ప్రపంచంలోని ప్రతి రియాక్టరు మీదా నమ్మకాన్ని దెబ్బతీస్తుందని అన్ని దేశాల నిర్వాహకులకూ అర్థమైంది. 1989లో మాస్కోలో ప్రపంచ అణు నిర్వాహకుల సంఘం ఏర్పడింది. శ్రీనివాసన్ దాని వ్యవస్థాపక సభ్యుల్లో ఒకరు. ఒక దేశపు నిపుణులు మరో దేశపు కేంద్రానికి వెళ్లి లోపాలు చూపించడం, ఒకచోటి వైఫల్యం వివరాలు మిగతా అందరికీ చేరడం ఆ సంఘం పని. రహస్యానికి అలవాటుపడిన రంగంలో ఇది పెద్ద మలుపు. ఆ తర్వాత ఆయన 1990 నుంచి 1992 దాకా వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థకు సలహాదారుగా, 1996 నుంచి 1998 దాకా ప్రణాళికా సంఘం సభ్యుడిగా పనిచేశారు. 2015లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

దేశంలో నియంత్రణ సంగతి మాత్రం అంత సంతృప్తికరంగా సాగలేదు. 1983లో ఏర్పాటైన అణుశక్తి నియంత్రణ మండలి అణుశక్తి కమిషన్‌కే జవాబుదారీగా ఉండేది. కట్టేవాళ్లూ తనిఖీ చేసేవాళ్లూ ఒకే గొడుగు కింద ఉండటం సరికాదని 2012లో కాగ్ నివేదిక గట్టిగా ఎత్తిచూపింది. ఇంజినీరు ఎంత నిజాయితీపరుడైనా, అతని పనిని చూసే కన్ను వేరే వ్యక్తిది కావాలి. ఫ్యాక్టరీలో అతుకుకు పాటించిన సూత్రమే సంస్థకూ వర్తిస్తుంది.

మనం అడగవలసినవి

2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్ అని 2025 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. ఈ లెక్కలో తెలుగు నేల వాటా చిన్నదేమీ కాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. హైదరాబాద్‌లో ఇంధనం తయారవుతోంది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో భారీ అమెరికన్ రియాక్టర్ల ప్రతిపాదన ఏళ్లుగా ఉంది, అక్కడి రైతులు, మత్స్యకారులు తమ భూమి, సముద్రం ఏమవుతాయని అడుగుతూనే ఉన్నారు. గని పక్క ఊళ్లవాళ్లు తాగునీటి గురించి అడుగుతున్నారు.

ఈ ప్రశ్నలను అభివృద్ధికి అడ్డుగా చూడటం తప్పు. శ్రీనివాసన్ తరం రావత్‌భాటా పగులును దాచి ఉంటే నరోరా కవచం మారేది కాదు. మనవాళ్లు కూడా అంతే సూటిగా అడగాలి. ఇక్కడ పెట్టబోయే రియాక్టరు డిజైను ముందు ఎక్కడ, ఎన్నేళ్లు నడిచింది? దాని భాగాల్లో ఎన్నింటిని మన ఫ్యాక్టరీలు చేస్తాయి? ఆలస్యమైతే వడ్డీ ఎవరి కరెంటు బిల్లులో పడుతుంది? తనిఖీ నివేదికలు ప్రజల చేతికి వస్తాయా? భూమి ఇచ్చిన కుటుంబంలోని పిల్లలకు ఆ కేంద్రంలో నైపుణ్యమున్న ఉద్యోగం వచ్చేలా చదువు చెప్పిస్తారా?

వీటికి కాగితం మీద జవాబిచ్చి, ఆ జవాబుకు కట్టుబడే సంస్థకే అణు కేంద్రం కట్టే అర్హత ఉంటుంది. రియాక్టరును అప్పు తెచ్చి కొనుక్కోవచ్చు. అర్హత మాత్రం ముప్పై ఏళ్ల ఓపికతో సంపాదించుకోవాలి. ఎం.ఆర్. శ్రీనివాసన్ మనకు చూపిన దారి అదే. లక్ష మెగావాట్ల అంకె కన్నా ముందు ఆ ఓపికకు, ఆ తనిఖీకి, ఆ మనుషుల తయారీకి నిధులు కేటాయించడమే ఆయనకు దేశం ఇవ్వగల సరైన గౌరవం.